చిటికెన వేలి సాక్ష్యం

ఆ రోజు నేను చెత్తలోకి విసిరిన రాయిని మా పని చూసే మేస్త్రీ, ముకద్దం, ఏరుకొచ్చి బెల్టు అంచున నా ముందు పెట్టాడు.

"ఏందిది కనకవ్వా? మంచి సరుకు పారేస్తున్నవ్. నీ చెయ్యి ఎన్నడు తప్పు జెప్పది గదా!"

రాయిని కుడిచేత్తో పట్టుకున్నాను. బరువు తెలియలేదు. ఎడమ చేతిలోకి మార్చుకుంటే దిమ్మలా ఉంది. అసలైన మాంగనీసు. అయినా నా నోరు ఊరుకునే రకం కాదు. "ఒక్క రాయికే ఇంత లొల్లా? పొద్దటిసంది ఏరినయి నీకు కానరావా?" అని ఎదురు దబాయించాను. ముకద్దం గొణుక్కుంటూ పోయాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

ఇది జరిగి ఎనిమిదేళ్లు. నేను చెబుతుంటే మా బిడ్డ సుగుణ రాస్తోంది. ఏడో తరగతి చదువుతోంది కాబట్టి, నా మాటను పుస్తకాల మాటగా మార్చే అధికారం తనదే అంటుంది. మార్చుకోనీ. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే రాయమన్నాను.

మాది చొప్పదండి దగ్గర సాలోళ్ల ఇల్లు. పుట్టిన దగ్గర నుంచీ కండెలు చుట్టిన చేతులు నావి. నూలు సన్నమో లావో కళ్లు మూసుకొని చెప్పేదాన్ని. పెళ్లయ్యాక మా ఆయన రాజేశం మగ్గం మీద బతకలేమని, నన్నూ సుగుణనూ మా అత్త లచ్చవ్వనూ వెంటబెట్టుకొని ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ దిక్కు వచ్చాడు. అక్కడ మాంగనీసు ప్లాంటు ఉండేది. ఆయనకు క్రషర్ దగ్గర నూనె పోసే పని, నాకు బెల్టు దగ్గర రాయి ఏరే పని దొరికాయి.

గుంటల్లో తవ్విన రాయి క్రషర్‌లో పడి ముక్కలై బెల్టు మీద మా ముందుకొచ్చేది. రెండు వైపులా ఆడవాళ్లం నిలబడి, పెద్ద ముక్కను చిన్న సుత్తెతో పగలగొట్టి, మంచి రాయిని ఉంచి, వట్టి రాయిని వెనక్కి విసిరేవాళ్లం. దుమ్ము పడితే అంతా నలుపే, కంటికి తేడా తెలియదు. చేతికే తెలుస్తుంది. మాంగనీసు బరువు, వట్టి రాయి తేలిక. నా అంత గబగబా ఏరే మనిషి ఆ బెల్టు మీద లేదని నాకు పొగరు కూడా ఉండేది.

నిజానికి అంతకు ముందే వేళ్లు చెబుతూ వచ్చాయి, నేనే వినలేదు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు చీమలు పాకినట్టు తిమ్మిరెక్కేవి. తెల్లారి లేస్తే చేయి నొప్పిగా, ఉబ్బినట్టుగా ఉండేది. గట్టిగా దులిపితే కాసేపు నయం. అందుకని బెల్టు దగ్గర, నల్లా దగ్గర, పొయ్యి దగ్గర, తడి చేయి విదిలించినట్టు ఊరికే దులుపుతుండేదాన్ని. పక్కన పనిచేసే ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "అందరు పనైనంక చేతులు దులుపుకుంటరు, కనకవ్వ పనికి ముందే దులుపుకుంటది" అనేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

రాయి బరువు తెలియకుండా పోయాక నవ్వు పోయింది. ప్లాంటు దవాఖానకు వెళ్లాను. కాంపౌండర్ పెద్ద రిజిస్టర్ తెరిచి "చోట్ ఎక్కడ?" అన్నాడు.

"చోట్ లేదు సాబ్. తిమ్మిరి. నొప్పి."

"దెబ్బ ఏ దినం తాకింది?"

"తాకలే అంటున్న గదా. ఏరి ఏరి వచ్చింది."

ఆయన కలం కింద పెట్టాడు. "జర సమజ్ జేసుకో. గీ రిజిస్టర్ల చోట్‌కు ఖానా ఉన్నది. దర్ద్‌కు ఖానా లేదు. రక్తం లేదు, వాపు లేదు, నేనేం రాయాలె?" అని తెల్ల గోలీలు నాలుగు, మర్దన నూనె ఒక సీసా ఇచ్చి పంపాడు.

అదే నెలలో నా పక్కన పనిచేసే గంగుబాయి ఎడమ చేయి బెల్టు రోలర్‌లో పడి, నడిమి వేలు కొస నలిగిపోయింది. జీపు వచ్చింది. రిజిస్టర్‌లో చోట్ గడి, ఆ ఖానా, నిండింది. కట్టు కట్టారు, సెలవిచ్చారు, తిరిగొచ్చాక ఊడ్చే పనిలో పెట్టారు. నాకు ఈర్ష్య పుట్టింది. నా వేలు కూడా ఒకటి నలిగితే బాగుండు అనుకున్నాను. ఇది చెబితే సుగుణ రాయడం ఆపి నా ముఖం చూసింది. రాయి బిడ్డా, అనుకున్న మాటే కదా అన్నాను.

మా అత్త నా అవస్థ చూడలేకపోయింది. ఆమె మంచిది. నేను నోరు పారేసుకున్నా, నా పళ్లెంలో కూర ఎక్కువేసే మనిషి. "గోలీలకు వోయే నొప్పి గాదే ఇది. సుర్క వెడ్త, జర ఓర్సుకో" అంది. పసుపు కొమ్మును దీపం మీద ఎర్రగా కాల్చి, నా కుడి మణికట్టు లోపలి వైపు రెండు చోట్ల పెట్టింది. వాడంతా వినేలా అరిచాను.

చురకలు పుండయ్యాయి, చీము పట్టింది. మళ్లీ దవాఖానకు వెళితే కాంపౌండర్ ముఖం వెలిగిపోయింది. "ఆఁ, ఇది చోట్!" అని రాసుకున్నాడు. కట్టు కట్టి పదిహేను రోజులు పని వద్దన్నాడు. ఆ పదిహేను రోజుల్లో తిమ్మిరి తగ్గింది, తెల్లవారి నొప్పి పోయింది. అత్త వాడంతా చెప్పుకుంది. "నా సుర్కకు పారిపోయిందుల్లా!" నేనూ నమ్మాను. ఎట్లా నమ్మకుండా ఉంటాను? చురక పెట్టారు, తగ్గింది. కళ్ల ముందు జరిగింది.

పనిలోకి వెళ్లిన నెలకు మళ్లీ మొదలైంది. ఈసారి నేనే అడిగి పెట్టించుకున్నాను. పుండు, సెలవు, మళ్లీ నయం. మళ్లీ బెల్టు, మళ్లీ తిమ్మిరి. సుత్తె పట్టు తప్పి పడిపోయేది. రవిక గుండీ పెట్టుకోవడం రాలేదు. ఒక చోట నిలబడలేను, కూర్చోలేను. ఎవరు పలకరించినా కసిరేదాన్ని.

మూడోసారి అత్త అంది, "పట్టు వేలికాడ ఉన్నది, ఈసారి వేలికే వెడ్త." చూపుడు వేలు ముందుకు చాచి, ముఖం అటు తిప్పుకొని, పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఎంతకీ పెట్టదు. నాకు ఓపిక ఎక్కడిది!

"ఇంకెప్పుడు వెడ్తవత్తా? తొందరగ కానియ్యి."

తిరిగి చూశాను. ఆమె చేతిలో పసుపు కొమ్ము ఉంది. నా వేలి మీద చర్మం కమిలి ఉంది. చర్మం కాలిన వాసన వస్తోంది.

"పెట్టిన గదనే," అంది అత్త మెల్లగా.

నాకు ఏమీ తెలియలేదు. అత్త నా చేయి పట్టుకొని వెలుగులోకి తిప్పింది. మణికట్టు మీద పాత చురకలు మాని తెల్లని మచ్చలయ్యాయి. బొటనవేలి కింద ఉబ్బుగా ఉండాల్సిన కండ గుంట పడింది. ఆ మచ్చల మీద వేలితో నొక్కి, చటుక్కున చేయి వదిలేసింది. లేచి పోయి నీళ్లతో తన చేతులు కడుక్కుంది.

మా అత్తకు ఒక తమ్ముడు ఉండేవాడు. అతనికి పెద్దరోగం వచ్చింది. కుష్టు అనే మాట మా ఇళ్లలో నోటితో అనరు. ఊరి బయట చేను దగ్గర గుడిసె వేసి ఉంచారు. అన్నం దూరంగా పెట్టి వచ్చేది అత్తే. ఒక రోజు గుడిసె ఖాళీగా ఉందట. తర్వాత ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. తెల్ల మచ్చ, కాలినా తెలియని వేలు ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మర్నాటి నుంచి నా గిలాస వేరే గూట్లోకి వెళ్లింది. రొట్టెలు అత్తే కొట్టింది. సుగుణ పక్క ఆమె మంచం మీదికి మారింది. నాలుగేళ్ల పిల్ల దువ్వెన పట్టుకొని జడ వేయమని నా దగ్గరికి వస్తే అత్త చేయి పట్టి లాక్కుపోయింది. కానీ అత్తను తిట్టడానికి నాకు నోరు రాలేదు, అది నా జన్మలో మొదటిసారి. ఒకవేళ నిజమే అయితే, నేను ముట్టుకుంటే నా బిడ్డకు వస్తుందేమో అని నాకూ భయమే.

ఆనాడు నీకేం చెప్పింది బాపమ్మ అని ఇప్పుడు సుగుణను అడిగాను. "అవ్వ చెయ్యి అలిగింది, దానికాడికి పోవద్దు అన్నది" అంది. అవ్వంటే తల్లిని, నేనే. నాకిన్నేళ్లూ తెలియదు.

బెల్టు దగ్గర కూడా గుసగుసలు పాకాయి. ముకద్దం వచ్చి నా ముఖం చూడకుండా "కొన్ని దినాలు ఇంట్ల ఉండు కనకవ్వా" అన్నాడు. ఇంట్లో ఏముంది నాకు? కాలుగాలిన పిల్లిలా వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగేదాన్ని. మా ఆయన అత్త చేతి అన్నం తిని, తల వంచుకొని పనికి వెళ్లేవాడు.

"ఏందయ్యా, నువ్వు గూడ ఏం మాట్లాడవా?" అని అడిగాను.

"నేనేమన్ననే?"

"ఏమనకపోతివి. గదే నొప్పి."

గంగుబాయి ఒక్కతే వచ్చింది. మరాఠీ మనిషి, తెలుగు తన వాటంగా మాట్లాడుతుంది. గూట్లో ఉన్న నా గిలాస తానే తీసి, కుండలో నీళ్లు ముంచుకొని తాగింది. అత్త గుడ్లప్పగించి చూసింది.

"అగ బాయి! నా వేలు పోతె ఊరంత సూడొచ్చిండ్రు. నీ వేలు ఉన్నందుకు ఎవ్వరు వస్తలేరు" అంది. ఎన్ని రోజులకో నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఆమె గిలాస కింద పెట్టి, "నిజామాబాదు దిక్కు గా రోగానికే పెద్ద దవాఖాన ఉన్నది. సీదా ఆడికే పో. అదైతె అది అని వాళ్లే చెప్తరు. కాకుంటె కాదని గూడ వాళ్లే చెప్పాలె. ఇంట్ల కూసుంటె ఎవరు చెప్తరు?" అంది.

మర్నాడే బయలుదేరాం. బస్సులో మా ఆయన నా వెనక సీటులో కూర్చున్నాడు.

అక్కడ ఒక పెద్ద వయసు డాక్టరమ్మ చూసింది. భయపడకుండా నా చేయి తన ఒళ్లోకి తీసుకుంది. ఎన్ని రోజులైందో ఒక మనిషి నా చేయి పట్టుకొని! "కండ్లు మూసుకో అమ్మా. దూది తగిలినప్పుడు, ఏ వేలికి తగిలిందో చెప్పు" అంది. నేను కూర్చునే ఉన్నాను. ఏమీ తగల్లేదు. గడియారం టిక్కుమంటోంది.

"చిటికెన వేలు!" అని ఒక్కసారి అరిచాను.

"ఇప్పుడు?"

"మళ్ల చిటికెన వేలే."

"ఇప్పుడు?"

"ఉంగరం వేలు. గని సగమే. చిటికెన వేలు దిక్కు సగం."

కళ్లు తెరిపించి, గుండుసూదితో చిటికెన వేలి మీద గుచ్చింది. ఎగిరిపడ్డాను. మోచేయి వెనక నొక్కి చూసి "అల్నర్ నర్వ్, అదే చిటికెన వేలిది, లావెక్కలేదు" అని పక్కనున్న నర్సుకు రాయమని చెప్పింది. చెవి తమ్మె కొంచెం గీరి పరీక్షకు స్మియర్ తీశారు. ఫలితం రెండు రోజులకు వస్తుందన్నారు.

ఆ రెండు రోజులు నేను వరండాలో ఒక్కచోట కూర్చోలేదు. అక్కడ రోగులకు మగ్గాలున్నాయి. వేళ్లు కొంకర్లు పోయిన ఒక పెద్దాయన నాడెను అరచేత్తో తోస్తూ నేస్తున్నాడు. పోగు తెగితే నా ఎడమ చేత్తో అతికి ఇచ్చాను. "సాలోళ్ల బిడ్డవా?" అన్నాడు. అవునన్నాను. "నీకు ఏ వేలుతోని మొదలైంది?" అని అడిగాను. "చిటికెన వేలుతోని బిడ్డా. జల్ది అచ్చుంటె గింత గాకపోవు, మందున్నదట గదా" అన్నాడు. నాకు మా అత్త తమ్ముడు గుర్తొచ్చాడు.

మూడో రోజు డాక్టరమ్మ పిలిచింది. "స్మియర్ నెగెటివ్, నర్వ్ కూడా లావెక్కలేదు. నీకు లెప్రసీ లేదమ్మా" అంది. నేను అక్కడే నేల మీద కూర్చున్నాను.

"నొప్పొచ్చినప్పుడు ఏం జేస్తవు?" అని అడిగింది. దులిపి చూపించాను. ఆమె నవ్వింది. "సగం రోగం నువ్వే చెప్పినవ్. దీన్ని కార్పల్ టన్నెల్ అంటరు. మణికట్టులో ఇరుకు సందు ఉంటది. పైన గట్టి పట్టీ. ఆ సందులోంచి మీడియన్ నర్వ్ పోతది. సుత్తె పట్టీ పట్టీ, రాళ్లు ఏరీ ఏరీ లోపల వాచి నర్వ్‌ను నొక్కింది. బొటనవేలు, పక్క రెండు వేళ్లు దానివి. చిటికెన వేలుది వేరే నర్వ్, వేరే దారి. అందుకే అది బాగుంది. పెద్దరోగమైతే ఎక్కువగా ముందు దాన్నే పడతది."

"మరి సుర్క వెడితె తగ్గె గదమ్మా?"

"తగ్గించింది చురక కాదు తల్లీ, సెలవు. పుండైందని పదిహేను రోజులు పని మానినవ్. చేయికి కావాల్సింది అదే. మచ్చలు మాత్రం మీ అత్త పెట్టినయి."

తిరుగు బస్సులో మా ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. చాలా దూరం పోయాక, "తప్పైంది" అన్నాడు. అయితే అయింది, టికెట్లు జాగ్రత్త అన్నాను.

కాగితం చూసి అత్త కదల్లేదు. "నా తమ్మునికి గూడ మొదాల కాదనే అన్నరు" అంది. గిలాస గూట్లోనే ఉంది. సుగుణ ఆమె దగ్గరే ఉంది. పాపం, ఆమె ఏ కాగితాన్ని నమ్ముతుంది!

దవాఖాన రిజిస్టర్ సంగతీ చెప్పాలి. డాక్టరమ్మ చీటీని కాంపౌండర్ రెండుసార్లు చదివి, తల గోక్కొని, చివరికి ఖానాలో "చోట్: లోపల" అని రాశాడు. సెలవు దొరికింది.

మణికట్టు కదలకుండా చెక్క స్ప్లింట్ ఆరు వారాలు కట్టుకున్నాను. నొప్పి తగ్గింది గానీ వేళ్లకు స్పర్శ రాలేదు. కండ తగ్గిపోయింది కాబట్టి ఆపరేషన్ చేయాలని హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిచ్చారు. అక్కడ నర్సు గాజులు తీయమంది. తీయనని జగడమాడాను. కుడిచేతి గాజులన్నీ ఎడమ చేతికి ఎక్కించుకొని బల్ల మీద పడుకున్నాను. చేతికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. ఏదో గట్టి బట్ట కోస్తున్న చప్పుడు విన్నాను. "పట్టీ తెగింది, నర్వ్ ఊపిరి పీల్చుకుంది" అన్నాడు సర్జన్.

అంతటితో అయిపోలేదు. కుట్లకు చీము పట్టింది. జ్వరం, ఇంజెక్షన్లు, మళ్లీ డ్రెస్సింగ్. ఇంతా చేసి చేయి పోతుందేమో, ఇంటికి వెళ్లినా బిడ్డను ఇవ్వరేమో అని మంచానికి అతుక్కోలేక వార్డంతా తిరిగేదాన్ని. నర్సులు నన్ను పట్టుకొచ్చి పడుకోబెట్టేవాళ్లు. మూడు వారాలయ్యాక ఒక పొద్దున రేకు గ్లాసులో చాయ్ ఇచ్చారు. కుడిచేత్తో పట్టుకున్నాను. చూపుడు వేలు చురుక్కుమంది. "కాలింది! కాలిందమ్మా!" అని అరిచాను. నర్సు మందు పట్టుకొని ఉరికొచ్చింది. నేను నవ్వుతుంటే పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

ఇంటికొచ్చాను. అత్త గడపలో నిలబడింది. కాగితం చూపించలేదు. "అత్తా, నువ్వే సూడు" అని చేయి చాచి కళ్లు మూసుకున్నాను.

తర్వాత చీపురు పుల్ల విరిచిన చప్పుడు వినిపించింది.

"చిటికెన వేలు" అన్నాను. "చూపుడు వేలు." "నడిమి వేలు." "మళ్ల చూపుడు వేలు. కొసకు." బొటనవేలు కొంచెం మందంగా తెలిసింది, కానీ తెలిసింది. చెప్పాను.

పుల్ల కింద పడింది. కళ్లు తెరిచేసరికి అత్త నా చేయి తన కళ్లకు ఒత్తుకొని ఏడుస్తోంది. "నా తమ్ముణ్ని ఏ వేలని ఎవ్వరం అడగకపోతిమి గదనే! అడిగితె అప్పుడే తెలుస్తుండె గదనే!" అంది. ఆమె ఏడుపు ఆపడం నా వల్ల కాలేదు. నేనూ కూర్చొని ఏడ్చాను.

సుగుణ దూరంగా నిలబడి చూస్తోంది. "అలుక తీరిందా?" అని అడిగింది. ఎవరి అలుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. అత్తే లేచి, దువ్వెన తెచ్చి, పిల్లను నా ఒళ్లో కూర్చోబెట్టింది. ఆ జడ వంకరగా వచ్చింది. అత్త దాన్ని విప్పనివ్వలేదు.

మళ్లీ బెల్టు దగ్గరికి వెళ్లలేదు. బొటనవేలి బలం పూర్తిగా రాలేదు, ఇక రాదు. ప్లాంటులో పనిచేసే తల్లుల పిల్లల కోసం ఒక గది తెరిచి, చూసుకోవడానికి నన్ను పెట్టారు. మొదటి రోజు ఒక్క తల్లీ పిల్లను ఇవ్వలేదు. గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఇంటి నుంచి అత్త వచ్చింది. నా టిఫిన్ విప్పి, "కలుపు" అంది. పెరుగన్నం కలిపాను. "పెట్టు" అని నోరు తెరిచింది. వాళ్లందరి ముందు నా కుడిచేత్తో ఐదు ముద్దలు తింది. గంగుబాయి పిల్ల మొదట నా చేతికి వచ్చింది. ఇప్పుడు గదినిండా పిల్లలే, నాకు ఊపిరాడదు.

పొద్దంతా చేతులతో బతికే వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. దవాఖానకు వెళ్లి ఊరికే నొప్పి అనకండి. ఏ వేలు, ఏ పని చేస్తే, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా అని చెప్పండి. ముందు మీ వేళ్లను మీరు అడగండి. అది పెద్దరోగమే అయినా మందుంది, గుడిసె అక్కర్లేదు. చురక మాత్రం వద్దు, మా అత్త కూడా ఇప్పుడు ఎవరికీ పెట్టదు.

ఇంతవరకూ చెప్పి ఆగాను. రాసి రాసి అలసిపోయిన సుగుణ కలం పెట్టేసి, కుడిచేయి గాలిలో దులిపింది.

"ఏ వేలు?" అన్నాం నేనూ అత్తా ఒక్కసారే.